రెండు నిమిషాల థ్రిల్లర్ ఆరంభం: ఏ ఆనవాయితీ ఉంచాలి, ఏది దాటాలి

థ్రిల్లర్ ఆరంభం తీయమని అసైన్‌మెంట్ ఇస్తే పది బృందాల్లో ఎక్కువ మంది తెచ్చేది ఒకటే. రాత్రి, ఖాళీ రోడ్డు, హుడీ వేసుకున్న మనిషి, వెనక నుంచి ఊగిపోయే కెమెరా, మోగుతున్న ఫోను, ఒక అరుపు, నల్ల తెర, ఎర్ర అక్షరాల్లో సినిమా పేరు. వీటిలో ఏదీ పనికిరానిది కాదు. ప్రతి దాని వెనకా ఒక పని ఉంది. ఆ పనేమిటో తెలియకుండా వరసగా పేర్చుకుంటూ పోవడం వల్లే అన్నీ ఒకేలా వస్తాయి.

బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు ఏఎస్ (మన ఇంటర్ స్థాయి) మీడియా స్టడీస్ విద్యార్థులకు చాలా ఏళ్లపాటు ఇదే పని ఇచ్చింది: ఒక కొత్త కథాచిత్రానికి టైటిల్స్‌తో సహా ఆరంభం తీయాలి, రెండు నిమిషాలు దాటకూడదు, దృశ్యమూ శబ్దమూ సొంతంగా తయారుచేసుకున్నవే అయి ఉండాలి. సంగీతం, ఎఫెక్టులు మాత్రం కాపీరైటు లేని చోటు నుంచి తెచ్చుకోవచ్చు. తీసిన తర్వాత జవాబు రాయాల్సిన మొదటి ప్రశ్న, అసలు సినిమాల ఆనవాయితీలను మీరెలా వాడుకున్నారు, ఎలా పెంచారు, ఎక్కడ ఎదిరించారు అనేది. ఇక్కడి విజువల్ కమ్యూనికేషన్ విద్యార్థులకూ, ఫోనుతో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకూ ఈ కొలత బాగా పనికొస్తుంది. 120 సెకన్లంటే దాచుకోవడానికి చోటు లేదు, సాగదీయడానికి సమయమూ లేదు.

ముందు ఆనవాయితీ చేసే పని పట్టుకోండి

స్క్రిప్టు రాయకముందే ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ పక్కన థ్రిల్లర్ అనగానే గుర్తొచ్చేవన్నీ రాయండి. కుడి పక్కన అది ప్రేక్షకుడి మీద చేసే పని రాయండి. చీకటి: సమాచారం దాస్తుంది. హుడీ: మొహం దాస్తుంది, అనుమానం ఎవరి మీద పడాలో చెబుతుంది. అడుగున మోగే సన్నని హోరు: ఏదో జరగబోతోందని చెవికి ముందే చెబుతుంది. క్లోజప్: చుట్టూ ఏముందో చూడనివ్వదు. వేగమైన కట్‌లు: ఆలోచించే తీరిక లాగేసుకుంటాయి. ఇరుకైన చోటు: పారిపోయే దారి లేదని చెబుతుంది.

ఇప్పుడు దాటాలనుకున్న ఆనవాయితీ ఏదో ఎంచుకోండి. దాన్ని తీసేశాక అది చేసే పనిని ఇంకెవరికి అప్పగిస్తున్నారో పక్కనే రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే మీరు ఆనవాయితీని ఎదిరించడం లేదు, సన్నివేశంలోంచి బిగిని తీసేస్తున్నారంతే. మంచి ఆలోచనతో మొదలైన విద్యార్థి చిత్రాలు కూడా ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే. పగటి వెలుగులో తీద్దామంటారు, చీకటి దాచే సమాచారాన్ని దేంతో దాచాలో ఆలోచించరు. చివరికది కుటుంబ కథలోని సీనులా ఉంటుంది.

దర్శకుడు హిచ్‌కాక్ 1959లో విడుదలైన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ తీస్తూ సరిగ్గా ఈ లెక్కే వేసుకున్నాడు. హీరోని చంపడానికి ఒక చోటికి రప్పించాలి. రాత్రి, వానకు తడిసిన వీధి, దీపస్తంభం కింద ఎదురుచూపు, నల్ల కారు అనే పాత పద్ధతిని పక్కనపెట్టి, పట్టపగలు, బోసిపోయిన మైదానంలో నిలబెట్టాడు. చుట్టూ అంతా బయలు కావడమే ఇరుకు సందు చేసే పని చేసింది. సంగీతం కూడా ఆపేశాడు. హీరోని తరుముతున్న విమానం వెళ్లి ట్యాంకరును గుద్దుకున్నాకే వాద్యాలు మొదలవుతాయి. తీసేసిన ప్రతిదానికీ బదులు ఒకటుంది.

ఎన్ని దాటాలి? రెండు నిమిషాల్లో పెద్దవి రెండుకు మించి వద్దు. మిగతావన్నీ నమ్మకంగా పాటించండి. ఇది థ్రిల్లరేనని ప్రేక్షకుడికి 40 సెకన్లలోపు అనిపించాలి. ఆ నమ్మకం కుదిరాకే మీరు తప్పిన దారి వాడికి కనిపిస్తుంది. అన్నీ తలకిందులు చేస్తే ఏది ఎదిరించారో ఎవరికీ తెలియదు.

ఒక ఆరంభాన్ని మొదటి నుంచి కడదాం

వేసవి మధ్యాహ్నం. డాబా మీద ఒక నడివయసు ఇల్లాలు తడి పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. వెనక నీళ్ల ట్యాంకు. కింద ఎక్కడో మోటారు నడుస్తున్న హోరు. ఆమె లేచి రెండో పంచె దగ్గరికి వెళ్తుంది. అక్కడ అదే తీరుగా, అదే ఎడంతో, తడిసిన కాలేజీ ఐడీ కార్డులు ఆరబెడుతోంది. ఒక కార్డు మీద అమ్మాయి మొహం. ఉన్నట్టుండి మోటారు ఆగిపోతుంది. ఇంట్లో ఇంకెవరూ లేరని ఆమె అనుకుంటోంది. మెట్ల మీద అడుగులు. ఆమె కార్డుల మీద ఇంకో పంచె కప్పి గరిటె చేతికి తీసుకుంటుంది. పదేళ్ల పిల్లాడు పైకొస్తాడు.

“ట్యాంకు నిండి కారిపోతోంది పిన్నిగారూ, మోటారు ఆపేశాను. మా అక్క ఇటేమైనా వచ్చిందా?”

“లేదు నాన్నా. ఎంత ఎండన పడొచ్చావో చూడు. ఉండు, మజ్జిగ తాగి వెళ్దువుగాని.”

గాలికి పంచె కొస లేస్తుంది. కార్డు మీది మొహం కనిపిస్తుంది. పిల్లాడు అటు చూడడు. సినిమా పేరు పడుతుంది: ‘ఆరబోత’.

దాటినవి రెండు: చీకటి, అనుమానం పుట్టించే మనిషి వేషం. మిగతావన్నీ ఉన్నాయి. అంతుపట్టని వస్తువు ఉంది. సమాచారం కొంచెం కొంచెంగా బయటపడుతుంది. ఒక్క దారే ఉన్న చోటు ఉంది, అదీ ఆ మెట్లే. కింద హోరు ఉంది, చివర్లో తెగని ప్రశ్న ఉంది. పిల్లాడికి తెలియనిది మనకు తెలుసు. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెబితే పదిహేను సెకన్ల ఉలికిపాటు పదిహేను నిమిషాల ఉత్కంఠ అవుతుందని 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిగిన సంభాషణల్లో హిచ్‌కాక్ చెప్పింది ఇదే సూత్రం. మన బాంబు పంచె కింద ఉంది.

సెకన్ల లెక్క ఇలా వేసుకోండి.

0:00–0:10 నల్ల తెర, మోటారు హోరు, నిర్మాణ సంస్థ పేరు.
0:10–0:22 డాబా మొత్తం కనిపించే వైడ్ షాట్, కెమెరా కదలదు.
0:22–0:40 గరిటె, పిండి జారడం, పంచె మీద గుండ్రం, ఆమె మొహం. నాలుగు క్లోజప్‌లు.
0:40–0:52 ఆమె లేచి వెళ్లడం, వెనక నుంచి. రెండో పంచె మీద ఏముందో కనబడకుండా ఆమె శరీరమే అడ్డుపడాలి.
0:52–1:14 కార్డులు. మొదటి మూడూ బోర్లా, నాలుగోది మొహం పైకి. దాన్ని 3 సెకన్లు నిలపండి.
1:14–1:28 మోటారు ఆగడం, ఆమె చెయ్యి ఆగడం, అడుగుల చప్పుడు, కప్పేయడం.
1:28–1:44 పిల్లాడు, మాటలు.
1:44–1:56 కొస లేచే పంచె, ఒకే షాట్.
1:56–2:00 సినిమా పేరు.

మొత్తం 20 షాట్లకు అటూఇటూగా వస్తాయి. చివర్లో కట్‌ల వేగం పెంచాలని ఎడిటరు చెయ్యి లాగుతుంది. పెంచకండి. 1:44 నుంచి వచ్చే ఆ 12 సెకన్లూ తెంచకుండా ఉంచితేనే ప్రేక్షకుడు ఆ కొసను చూస్తూ, పిల్లాడు ఇటు తిరిగితే ఏమవుతుందోనని ఊపిరి బిగబట్టేది.

ఎండనే చీకటిగా వాడటం

పొద్దున, సాయంత్రం తీస్తే వెలుగు అందంగా ఉంటుంది. ఈ సీనుకు ఆ అందం అక్కర్లేదు. 11:30 నుంచి 1:30 మధ్య తీయండి. సూర్యుడు నడినెత్తిన ఉంటే కనుబొమల నీడ కళ్లగుంటల్లో పడి కళ్లు నల్లగా మూసుకుపోతాయి. మామూలుగా కెమెరామెన్ థర్మాకోల్ పట్టి పూడ్చే నీడ ఇది. మనం పూడ్చం. రాత్రి సీనులో చీకటి చేసే పనిని ఇక్కడ ఆ నీడకు అప్పగించాం. పిల్లాడితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె మొహానికి మీటరు దూరంలో, ఛాతీ ఎత్తులో తెల్ల థర్మాకోల్ షీటు పెట్టండి. కళ్లు వెలిగి మొహం ఒక్కసారిగా ప్రేమగా కనిపిస్తుంది. అబద్ధం చెప్పే క్షణంలోనే ఆమె అత్యంత మంచిదిగా కనబడాలి.

ఫోనుతో తీస్తే సెకనుకు 25 ఫ్రేములు, వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) 5600 కెల్విన్‌కి లాక్, ఎక్స్‌పోజర్ తెల్ల పంచె మీద లాక్. లాక్ చేయకపోతే చెయ్యి ఫ్రేములోకి వచ్చినప్పుడల్లా వెలుగు ఎగిరి పడుతుంది. షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుగు తీసుకునే సమయం) 1/50 సెకను పెట్టాలంటే ఎన్‌డీ 64 ఫిల్టరు, అంటే వెలుగు తగ్గించే నల్ల అద్దం, కావాలి. ఫోను లెన్సు ఎపర్చరు (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) మారదు, ఎఫ్ 1.8 దగ్గర నడి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 50 పెట్టినా షట్టర్ దాదాపు 1/4000కి పోతుంది. ఫిల్టరు దొరక్కపోతే మానేయండి. ఇక్కడి కదలికలు నిదానమైనవి, పెద్ద తేడా తెలియదు. పరుగు సీను అయితే మాత్రం అదురు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మెట్ల లోపలి షాట్‌లో ట్యూబ్‌లైటు ఉంటే షట్టర్ 1/50 లేదా 1/100 ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, వేరే అంకె పెడితే తెర మీద చారలు పాకుతాయి.

ఎండకు ఫోను వేడెక్కి రికార్డింగు దానంతటదే ఆగిపోతుంది. టేకుకీ టేకుకీ మధ్య గొడుగు నీడలో పెట్టండి, ఛార్జింగు పెట్టి తీయకండి. వైడ్ షాట్లు ముందు, అన్నీ అరగంటలో ముగించండి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, పిట్టగోడ నీడ దానితో పాటు జరుగుతుంది. క్లోజప్‌లు తర్వాత తీసుకున్నా ఎవరూ పట్టుకోలేరు. వైడ్ షాట్లు అవగానే పిల్లాడి షాట్లు తీసి అతన్ని నీడలోకి పంపేయండి, వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరు పక్కనే ఉండాలి.

ఆమెకూ మెట్లకూ మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరాను ఎప్పుడూ ఒక పక్కనే ఉంచండి. ట్యాంకు ఆమెకు ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కనిపిస్తే అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో ప్రేక్షకుడికి అర్థం కాదు. భయం పోయి తికమక మిగులుతుంది.

కార్డులు, పంచె, వడియాలు

లేని కాలేజీ పేరు పెట్టి కార్డులు చేయండి. ఇంక్‌జెట్ ప్రింటరులోనే తీయండి, రంగు నీళ్లకు కరిగి పాకుతుంది. లేజర్ ప్రింటు రంగు నీళ్లకు కరగదు. లామినేషన్ మూడు వైపులా అతికించి ఒక అంచు వదిలేయండి. కాసేపు నీళ్లలో ముంచితే లోపలికి నీరు దూరి, పొరల మధ్య బుడగలు నిలిచి, సిరా మొహం మీదికి పాకుతుంది. కళ్లు మాత్రం చెరగకుండా ఉన్న కార్డునే హీరో కార్డుగా, అంటే దగ్గరగా చూపించే ముఖ్యమైన కార్డుగా ఎంచుకోండి. మొహం కార్డు ఆరు కాపీలు ఉండాలి, ఎండకు అవి వంకర తిరుగుతాయి.

తడి వడియాలు గంట గంటకూ రంగు మారతాయి. పొద్దున నీటిచుక్కల్లా ఉన్నవి మధ్యాహ్నానికి అంచులు తెల్లబడతాయి. అందుకని వడియాల పంచెలే రెండు పెట్టుకోండి: గరిటె షాట్లకు తాజాది, మిగతా వాటికి ముందురోజు పెట్టినది. పావుకిలో సగ్గుబియ్యం చాలు.

చివరి షాట్‌లో గాలిని నమ్ముకోకండి. పంచె మూడు మూలలా చిన్న రాళ్లు పెట్టండి, ఇళ్లల్లో ఎలాగూ పెడతారు. నాలుగో మూలకు సన్నని నైలాన్ దారం కట్టి పిట్టగోడ పక్కన పడుకున్న మనిషి చేతికివ్వండి. మొదటి 5 సెకన్లు ఏమీ జరగకూడదు. ఆరో సెకనుకు కొస వణకాలి, పడాలి, మళ్లీ లేవాలి. ఒకేసారి లేపితే దారం సంగతి తెలిసిపోతుంది. ఫోనులో 2 ఎక్స్ లేదా 3 ఎక్స్ జూమ్ లెన్సు వాడి, పంచెకు అరమీటరు పైగా దూరంలో నేలకు ఆనించి పెట్టండి, మనుషులు 4–5 మీటర్ల వెనక ఉండాలి. మరీ దగ్గరికి వెళ్తే ఫోను చెప్పకుండానే మామూలు లెన్సుకు మారిపోతుంది. నేపథ్యాన్ని మసకబార్చే ఆటోమేటిక్ మోడ్ వద్దు, పంచె అంచుల్ని తప్పుగా కత్తిరిస్తుంది.

మోటారు హోరు

థ్రిల్లర్‌కు అడుగున నడిచే హోరు ఇంటర్నెట్‌లో రెడీమేడ్‌గా దొరుకుతుంది. ఇక్కడ మోటారే ఆ పని చేస్తుంది, పైగా కథలో భాగం. మోటారుకు మీటరు దూరంలో రెండు నిమిషాలు రికార్డు చేయండి, ఆగే శబ్దంతో సహా. టైంలైన్‌లో మైనస్ 26 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టి 1:14కి మైనస్ 15 దాకా నెమ్మదిగా పెంచండి. పెరుగుతున్నట్టు ఎవరికీ తెలియకూడదు, ఆగినప్పుడే తెలియాలి. ఆపేటప్పుడు ట్రాకును కత్తిరించకండి. నిజం మోటారు చివర్లో ఒక్క క్షణం కిందికి జారుతూ ఆగుతుంది. ఆ జారుడు లేకపోతే స్పీకరు పోయిందనుకుంటారు.

అలాగే నిశ్శబ్దం అంటే ఖాళీ ట్రాకు కాదు. డాబా మీద అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం వట్టి వాతావరణ శబ్దం తీసుకోండి. మోటారు ఆగాక అది సన్నగా ఉండాలి, దాని మీద ట్యాంకు నుంచి కారే నీళ్ల చుక్కలు. బిగి అంతా ఆ చుక్కల్లోనే ఉంటుంది. తర్వాత 2 సెకన్లకు మొదటి అడుగు వినిపించాలి, పిల్లాడు కనిపించేది ఇంకా 10 సెకన్ల తర్వాతే.

ఫోను స్పీకరులో 200 హెర్ట్‌జ్ కింది శబ్దం దాదాపు వినపడదు. మోటారు హోరులో బరువంతా 50, 100 దగ్గరే ఉంటుంది. అదే రికార్డింగును ఇంకో ట్రాకులో రెండు ఆక్టేవ్‌లు (అంటే నాలుగు రెట్ల హెర్ట్‌జ్‌కు) పైకెత్తి తక్కువ స్థాయిలో కలపండి. మాటల కోసం ఇంకో ఫోనును స్పాంజీలో చుట్టి బేసిన పక్కన దాచండి. షాటు అయిన వెంటనే అక్కడే, అదే ఊపులో మాటలు రెండుసార్లు మళ్లీ చెప్పించి రికార్డు చేసుకోండి. డబ్బింగు బాధ తప్పుతుంది.

టైటిల్స్

ఆనవాయితీగా తీసుకోవాల్సినవి: పేర్లు దృశ్యాల మధ్య విడివిడిగా రావడం, దర్శకుడి పేరు చివర్లో రావడం. సినిమా పేరును మాత్రం మనం అన్నిటికన్నా చివర వేస్తున్నాం. 9 టైటిల్ కార్డులు చాలు, ఒక్కోటి 3 సెకన్లు. మనసులో రెండుసార్లు చదివేంత సేపు ఉండాలి. పేరును మొహం మీదా, ఐడీ కార్డుల మీదా వేయకండి, వైడ్ షాట్‌లో ఆకాశం ఖాళీగా ఉంది. 1:14 తర్వాత సినిమా పేరు తప్ప ఇంకే పేరూ వద్దు.

తెలుగులో టైటిల్స్ వేస్తే ఎక్కువగా చెడేది వత్తుల దగ్గర. అడోబీ ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చి, కొత్త టెక్స్ట్ లేయరు తీసుకోండి. పాత లేయరులో వత్తులు విడిపోయే ఉండొచ్చు. అప్పటికీ కుదరకపోతే వేరే చోట టైపు చేసి పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోండి. ఇంగ్లీషు థ్రిల్లర్ టైటిళ్లలో అక్షరాల మధ్య ఎడం పెంచడం మామూలు, తెలుగులో అది చేస్తే పదం ముక్కలైపోతుంది. ఫాంటు మందంగా కావాలంటే రామభద్ర, సాదాగా కావాలంటే మండలి. నెత్తురు కారే అక్షరాలు ఈ సినిమాకు నప్పవు. తెలుపు కూడా ఎండ ఆకాశం మీద ఆనదు, అక్కడ నలుపు వాడండి.

ఇంకో మాట. బిగి కోసం పాత్ర చేతికి సిగరెట్టు ఇవ్వడం ఈ జానర్‌లో పాత అలవాటు. 2012 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం మన సినిమాల్లో అలాంటి దృశ్యం కింద హెచ్చరిక అక్షరాలు ఉండాలి. రెండు నిమిషాల సినిమాలో అవి ప్రేక్షకుడి కంటిని మీ ఆధారం మీద నుంచి లాగేస్తాయి. బొమ్మ తుపాకులు పట్టుకుని రోడ్డు మీద, డాబా మీద తిరగడం అసలే వద్దు. దూరం నుంచి చూసినవాళ్లకు అది బొమ్మ అని తెలియదు.

ఎడిట్ అయ్యాక

కథ తెలియని ఐదుగురికి ఒక్కొక్కరికీ విడిగా చూపించండి. మధ్యలో 0:40 దగ్గర ఆపి ఇది ఏ తరహా సినిమా అనిపిస్తోందని అడగండి. ముగ్గురైనా ఏదో తేడాగా ఉందని అనకపోతే హోరు మరీ తక్కువగా ఉందన్నమాట, లేదా ఆమె మొహం మరీ వెలుగులో ఉంది. పూర్తయ్యాక కార్డు మీద ఎవరున్నారని అడగండి. పిల్లాడి అక్క అని వాళ్లే కలుపుకోవాలి. కలపలేకపోతే 3 సెకన్ల క్లోజప్‌ను 4 చేయండి, మాటలు పెంచకండి. తర్వాత ఏం తెలుసుకోవాలని ఉందని చివరి ప్రశ్న. ‘ఆవిడ ఎందుకు చేసింది’ అన్నా, ‘పిల్లాడికి ఏమవుతుంది’ అన్నా ఆరంభం నిలబడినట్టే. ‘అయిపోయిందా?’ అంటే మీరు ఆరంభం బదులు చిన్న కథ తీశారు. ‘ట్రైలరా?’ అంటే ఒకే చోట, ఒకే సమయంలో సాగాల్సిన సీనును ముక్కలు చేశారు.

మూల్యాంకన వ్యాసానికి వీళ్ల జవాబులు దాచుకోండి. అందులో ‘మేం తక్కువ వెలుగు వాడి ఉత్కంఠ పెంచాం’ లాంటి వాక్యాలకు మార్కులు రావు. ఏ సెకను దగ్గర, ఏ ఆనవాయితీని దాటారో, దాని పనిని దేనికి అప్పగించారో, ఐదుగురిలో ఎందరికి అది తగిలిందో రాయండి. ఆ సెకను దగ్గరి ఫ్రేమును పక్కనే అతికించండి. పని చేయని చోటు ఉంటే అదీ రాయండి, తిరిగి తీస్తే ఏం మారుస్తారో కూడా.